లోపల మడిచిన గుడ్డ

ఎత్తెంత అనె ఫోన్లో డాక్టరమ్మ.
టేపు మెడలోనే ఉండె, చెప్తి.
బరువెంత అనె.
అదే తెలీదు.

ఆదోని పత్తి మార్కెట్టులో
మా చిన్నాయన కొడుకు ఖాసింపీరా కాటా కాడ హమాలీ.
ఏలం అయిపోయినాక మధ్యాన్నం
బోరాలు తూచే ఇనప పలక మీద
చెప్పులిడిసి నిలబడితి.
వాని రెప్పల మీద దూది పోగులు.
"తొంభై మూడు కేజీల నాలుగొందలు.
తేమ తరుగు తీసేద్దామా అక్కా?" అని నగె.
దూదేకులోళ్ళ ఇంట పుట్టి
దూది కాటాలో తూగినందుకు నాకూ నవ్వొచ్చె.

నాలుగు నిమిషాలు.
తెరలో ఆమె వెనకాల తెల్లగోడ, ఒక ఆకుల కుండీ.
మోకాళ్ళ సంగతి చెప్తి, చక్కెర సంగతి చెప్తి,
మిషను తొక్కితే పాదాలు బూరెల్లా పొంగే సంగతి
చెప్పేలోపే చీటీ ఫోన్లో పడె.

నెల మందు డెబ్బై జాకెట్లు.
లైనింగు ఉన్నవైతే నలభై.
నేను రూపాయలు అట్లానే లెక్కపెడతా.

థర్మకోలు డబ్బాలో ఐసుతో వచ్చె పెన్ను.
మా ఇంట్లో ఫ్రిజ్జు లేదు.
ఎదురింటి సుంకులమ్మ ఫ్రిజ్జులో
పాలపాకెట్టుకూ మల్లెపూల పొట్లానికీ నడుమ పెట్టిస్తి.
"ఏం మందు మాబున్నీ?"
"నొప్పులకు," అంటి.
ముప్పై ఏండ్లుగా సూదితో బతికేదాన్ని,
పొట్ట మడత పట్టుకొని ఆ సూది దించేటప్పుడు
చెయ్యి వణికె.

ఆకలి పోయిందంటే ఎట్లా చెప్పాల,
కరెంటు పోయినట్టు కాదు.
పక్కింట్లో రోజంతా మోగే రేడియో
ఎవరో కట్టేసినట్టు.
పొద్దున్నే ఉగ్గాని తాలింపు గుప్పుమంటాది,
బజ్జీ నూనెలో తేలతాది,
నేను చూస్తా.
చూసి మిషను కాడికి పోతా.
దస్తగిరి నా ప్లేటు కూడా తానే తిని
"నామీద ఏమన్నా కోపమా?" అంటాడు.

ఆరు వారాలకు ఏడు కేజీలు.
"సరుకు తగ్గుతాంది అక్కా,
ఏలంలో రేటు పలకవు," అనె ఖాసింపీరా.

ఆ వారమే ఒక టీచరమ్మ వచ్చె
మెడ మూసే కాలరు జాకెట్టు కావాలని.
సుద్దముక్కతో మెడ గీత గీస్తా గీస్తా
చెయ్యి ఆగిపాయ.

మా మేనత్త పీరమ్మ
నడి ఎండాకాలం కూడా కాలరు జాకెట్టే కుట్టమనేది.
గొంతు కింద నిమ్మకాయంత గడ్డ.
కర్నూలు పెద్దాసుపత్రికి తీస్కపోయినారు.
మనిషి తిరిగొచ్చె, మాట రాలే.
నాలుగు నెలలు.
ఆమె కొలతలు ఇంకా నా పాత నోటుబుక్కులో:
మెడ పదహైదున్నర.

ఫారంలో అడిగినారు ఆ మాట.
మీ ఇంట్లో ఎవరికైనా గొంతులో గడ్డ?
పదకొండో ప్రశ్న.
లేదు అని నొక్కితి.
అబద్ధం కాదు, గుర్తు రాలే.
గుర్తు రాకుంటే బాగుండునని కూడా
రొంత ఉండెనేమో.

రాత్రి మళ్ళీ ఆమెనే అడిగి ఫోన్ చేస్తి.
ఈసారి నాలుగు నిమిషాలు కాదు.
రాసేది ఆపి నా మొహం చూసె,
అదే మొదలు.
ఏ రకం గడ్డ అనె.
గడ్డకు రకాలుంటాయని మాకెవరు చెప్పినారు?
"ఈ వారం సూది ఆపండమ్మా.
ముందు పరీక్ష చేయించుకోండి.
మీ అత్త కాగితాలు దొరికితే పంపండి."
కాగితాలు.
అవి తడిసిన వానలోనే
ఇల్లు కూడా సగం పాయ.

రెండు సూదుల మందు మిగిలిన పెన్ను
సుంకులమ్మ ఫ్రిజ్జులోనే ఉంది,
పక్కన పూలు మాత్రం మారినాయి.
తెల్లారి కర్నూలు బస్సుకు పోవాల.
నా జాకెట్లు నాలుగు ముందరేసుకొని
చంకల కాడ అంగుళం అంగుళం లోపలికి పట్టి కుడితి.
మిగిలిన గుడ్డ కత్తిరించలే.
లోపలే మడిచి పెడితి.

పదకొండు దాటినాక కడుపులో ఏదో కదిలె.
ఆకలో, భయమో.
లేచి మూకుట్లో అడుగున ఉన్న ఉగ్గాని
రొంత నోట్లో ఏసుకొని
ఉప్పు సరిపోయిందా అని చూస్తి.